చెయ్యి తిరగని వంట

ఏడాదికి ఒక్కసారి చేసే పనిలో ఎవరికైనా చెయ్యి ఎలా తిరుగుతుంది? పప్పుచారుకైతే తిరుగుతుంది. ఇవాళ ఉప్పు ఎక్కువైతే రేపు తగ్గిస్తాం, రేపు చింతపండు చాలకపోతే ఎల్లుండి ఇంకో రెబ్బ వేస్తాం. అలా కొన్నేళ్ళు గడిచాక ఫోన్లో మాట్లాడుతూ పెట్టినా చారు కుదురుతుంది. పండుగ వంటకి ఆ వెసులుబాటు లేదు. ఈ కనుమకి పాడైతే దిద్దుకోవడానికి మళ్ళీ కనుమ దాకా ఆగాలి. నిండుగా బతికినవాళ్ళకైనా పొయ్యి తమ చేతికొచ్చిన కనుమలు ఏ ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. మిగతావన్నీ పెద్దవాళ్ళు వండుతుంటే కట్టెలు అందించడంలోనూ, ఆ తర్వాత పిల్లలు వండుతుంటే వంకలు పెట్టడంలోనూ పోతాయి. అంటే ఇంటినిండా చుట్టాలున్న పూట, మనకి అన్నిటికంటే తక్కువ అలవాటున్న వంటని, అందరూ చూస్తుండగా చేస్తామన్నమాట. ఇదంత తెలివైన ఏర్పాటులా కనబడదు. అయినా లోకంలో చాలాచోట్ల పండుగలు ఇలాగే నడుస్తున్నాయి.

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. మిగతా రోజుల్లో మైక్రోవేవ్‌తో కాలం వెళ్ళబుచ్చేవాళ్ళు కూడా ఆ ఒక్కరోజు ఆరేడు కిలోల టర్కీ కోడిని ముక్కలు కొట్టకుండా ఓవెన్‌లోకి ఎక్కించాలి. గడ్డకట్టిన కోడి ఫ్రిజ్‌లో కరగాలంటే రెండు కిలోలకి దాదాపు ఓ రోజు పడుతుంది. ఆ సంగతి పండుగ పొద్దున తెలిస్తే ఏం లాభం? అందుకే బటర్‌బాల్ అనే టర్కీ కంపెనీ 1981లో ఓ ఫోన్ లైన్ పెట్టింది. పండుగ రోజుల్లో వంట తెలిసినవాళ్ళు ఫోన్ల దగ్గర కూర్చుని, కంగారు పడేవాళ్ళకి దారి చెబుతారు. నలభై ఏళ్ళు దాటినా ఆ లైన్ మోగుతూనే ఉంది. ఏటా ఎవరో ఒకరు మొదటిసారి వండుతూనే ఉంటారు కదా మరి. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఈ సంగతి చెబితే నవ్వబోయి, అత్తగారింటి అరుగు గుర్తొచ్చి ఆగిపోయాను. అక్కడ ఫోన్ చెయ్యక్కర్లేదు. మనం అడగక్కర్లేదు కూడా.

మా అత్తగారి ఊరు భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో, పర్ణశాల వైపు చీలే రోడ్డు దాటాక వస్తుంది. గోదావరి వైపున మిరప చేలు, రెండో వైపున అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఈ నేల ఎప్పుడూ ఏదో ఒకదానికి సరిహద్దే. భద్రాచలం తాలూకాని 1874లో మధ్యపరగణాల నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. 2016లో మా వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. గీతలు ఎన్ని మారినా వంటింట్లో ఒకటి వచ్చి చేరిందే తప్ప ఉన్నది పోలేదు. కనుమనాడు మినుము తినాలని గోదావరి జిల్లాల లెక్కలో గారెలు పడతాయి, తెలంగాణ లెక్కలో మాంసం ఉడుకుతుంది, పెరట్లో కోయ లెక్కలో కోడి కూరిన వెదురు బొంగులు నిప్పు మీదికి ఎక్కుతాయి.

బొంగుల దాకా పోయేముందు మా వైపు దుమ్ముగూడెం దొరల సంగతొకటి చెప్పాలి. గోదావరిని పడవల దారి చెయ్యాలని సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన రోజుల్లో, 1860లలో, దుమ్ముగూడెం దగ్గర పనులు హేగ్ అనే సైనిక ఇంజనీరు చేతిమీద సాగాయి. ఆయన చొరవతోనే చర్చి మిషనరీ సొసైటీ అక్కడ కాలుపెట్టింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ళతరబడి అక్కడే ఉండి, ఈ తాలూకాల గురించీ కోయల గురించీ 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాశాడు. ఇంగ్లీషు ఇంట క్రిస్మస్ అంటే నిప్పు సెగకి ఎర్రగా కాలిన పక్షో, పెద్ద మాంసపు తునకో బల్ల మీదికి రావాలి. గోదావరి గట్టున ఓవెన్ ఎక్కడిది? ఆ కాలంలో దొరల వంటవాళ్ళు గిన్నె కింద నిప్పులు పోసి, మూత మీద కూడా నిప్పులు పరిచి ఓవెన్ పని కానిచ్చేవాళ్ళు. కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికాధికారి 'వైవర్న్' పేరుతో 1878లో మద్రాసులో అచ్చు వేసిన వంటల పుస్తకం తిరగేస్తే, ఈ దేశంలో తమ తిండి తమకి కుదిరేలా వండించుకోవడానికి వాళ్ళు పడ్డ యాతన తెలుస్తుంది. నాకు ముచ్చటేసేది ఆ వంటవాడి సంగతి. తన ఇంట్లో ఎన్నడూ వండని, బహుశా రుచి కూడా చూడని వంటని ఆయన దొరల పండక్కి చేసిపెట్టాలి. దొరసానికి రుచి తెలుసు, నిప్పు తెలియదు. ఆయనకి నిప్పు తెలుసు, రుచి తెలియదు. ఇద్దరిలో ఎవరిని తీసేసినా ఆ పూట బల్ల ఖాళీ.

మా ఇంట్లో బొంగు కోడి మామయ్య పని. గారెలు, పరమాన్నం, కోడికూర ఆడవాళ్ళవి, వంటింట్లో. పెరట్లో నిప్పు మగవాళ్ళది. ఏడాదంతా మంచినీళ్ళు కూడా తామై ముంచుకోని మగవాళ్ళు కనుమనాడు నాలుగు బొంగులు కాల్చి వారం రోజులు పొగడ్తలు పుచ్చుకోవడం చూస్తే నాకు మొదటినుంచీ కాస్త మంటే. సరే, అది ఇంకో వ్యాసం. మొన్న సంక్రాంతికి మామయ్యకి శుక్లాల ఆపరేషన్ అయి ఉంది. పొగ దగ్గరికి పోవద్దన్నారు. మా ఆయనా మా మరిదీ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, "నేను చేస్తాను మామయ్యా" అన్నాను. ఆయన నల్లకళ్ళద్దాలు సవరించుకుని, "చెయ్యమ్మా. చేసేది నువ్వొక్కదానివే గానీ, చేయించేవాళ్ళు మాత్రం బోలెడుమంది" అన్నారు.

పని కోడిని కాల్చడంతో మొదలవుతుంది. నాటుకోడిని మేం చర్మంతోనే తింటాం. వేణ్ణీళ్ళలో ముంచి ఈకలు పీకేశాక కూడా ఒంటినిండా సన్నటి నూగు మిగిలే ఉంటుంది. ఎండు తాటాకు వెలిగించి, ఆ మంట మీద కోడిని కాళ్ళు పట్టుకుని తిప్పాలి. ఒకచోట ఆపితే చర్మం పగులుతుంది, తొందరపడితే నూగు పోదు. ముందు ఈకలు మాడిన కంపు, ముక్కు మూసుకోవాల్సిందే. కాసేపటికి అది పోతుంది. చర్మం కింది కొవ్వు చిటచిటమని కరుగుతుంటే దాని వెనకే ఇంకో వాసన లేస్తుంది, వీధిలో గాలిపటాల వెంట పడ్డ పిల్లలు పెరట్లోకి తొంగిచూసేది ఆ వాసనకే. చర్మం బిగుసుకుని, రెక్కల దగ్గర గోధుమరంగు మచ్చలు పడ్డాక, పసుపు పట్టించి అరచేత్తో గట్టిగా రుద్ది కడుగుతాం. అప్పుడిక కోడి కొత్త ఇత్తడి చెంబులా తళతళలాడుతుంది.

నన్నడిగితే ఈ వంటలో కాలడమంటే ఇదే. మాంసం మీద ఆ గోధుమరంగూ ఆ కమ్మదనమూ ఎలా పుడతాయో ఫ్రాన్సులో మయ్యార్ అనే రసాయన శాస్త్రవేత్త 1912లో ప్రకటించిన పరిశోధన నుంచి మొదలుపెట్టి చాలామంది విప్పి చెప్పారు. అమినో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి చేసే పని అది. జోరందుకోవాలంటే ఏ నూట నలభై డిగ్రీలో కావాలి. బొంగులో తడి ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. కాబట్టి బొంగులో కోడి తన నీళ్ళలో తాను ఉడుకుతుందే తప్ప కాలదు. కొన్నిచోట్ల చర్మం ఒలిచిన బ్రాయిలర్ ముక్కలు కూరి అమ్మే బొంగుల్లో ఎంత మసాలా దట్టించినా ఏదో తక్కువైందనిపించేది ఈ తాటాకు మంట లేకే.

బొంగులు తెచ్చింది మామయ్య పాత దోస్తు, మేమంతా తాతా అని పిలిచే కోయ పెద్దాయన. వెదురు నిజానికి గడ్డిజాతి. 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో రాసుకుంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక గానీ అది అడవిలో బతికేవాళ్ళకి హక్కున్న చిన్న తరహా ఫలసాయం కాలేదు. తాతకి ఈ పద్దులతో పనిలేదు. ఆయన వెదురుని గోటితో గిల్లి చూస్తాడు, వేలితో తట్టి వింటాడు. మరీ లేతదైతే సెగకి చీలుతుంది, ఎండినదైతే అంటుకుంటుంది. పచ్చిగానే ఉండాలి, గోరు మాత్రం దిగకూడదు. ఒక కణుపు అడుగుగా ఉంచి, పై కణుపుకి కొంచెం కిందుగా కోస్తే మూరెడు గొట్టం వస్తుంది. నేను చేతిలోకి తీసుకున్న మొదటిదాన్నే ఆయన లాక్కుని పక్కన పడేశాడు. "దీనికి పురుగు కన్నం ఉంది తల్లీ. ఆవిరంతా అందులోంచే పోతది" అన్నాడు. నాకైతే ఆ కన్నం చూపించినా కనబడలేదు.

ఇక ఉప్పు. కూర వండేటప్పుడు గరిటె అంచున చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూడందే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. చాలకపోతే వేస్తాను, ఎక్కువైతే నాలుగు బంగాళాదుంప ముక్కలు పడేస్తాను. ఇక్కడ ఆ అవకాశమే లేదు. పచ్చి మాంసం నోట్లో వేసుకోలేం, ఒకసారి ఆకు కుక్కాక తియ్యలేం. ముందు వేసిందే ఉప్పు. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, నిమ్మరసం కాస్త అటూ ఇటూ అయినా పోనీ అనుకోవచ్చు. కారం మాత్రం ఖమ్మం మార్కెట్టుకి పోయే తేజ రకం, మా చేలోదే. దాని దగ్గర పరాచికాలు పనికిరావు. నేను ఉప్పు డబ్బా తెరవగానే అరుగు మొత్తం లేచి పెరట్లోకి వచ్చింది.

"బొంగు కొంత పీలుస్తుంది, ముందుకే వెయ్యి" అంది అత్తమ్మ. "నీళ్ళు పోసేది లేదు, పులుసు కాదు. తగ్గించే వెయ్యి" అంది చిన్నత్త. "గుప్పెడు. అన్నయ్య ఎప్పుడూ గుప్పెడే" అన్నారు చిన్నమామయ్య. "ఎవరి గుప్పెడు? ఆయన గుప్పెట్లో ఈ పిల్లవి రెండు పడతాయి" అంది అత్తమ్మ. చివరికి మామయ్యనే గుమ్మం దాకా పిలిపించారు. ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి, వేళ్ళ సందుల్లోంచి కొంచెం జారనిచ్చి, మిగిలింది నా దోసిట్లో పోశారు. "ఎంతకి ఇది?" అన్నాను. "ఏమో, కోడి ఎంతుంటే అంతకి" అన్నారు. ఆ జవాబుతో ఎవరూ వంట నేర్చుకోలేరు. అయితే అత్తమ్మ వెంటనే, "రెండు కోళ్ళకి అది. మూడోదానికి ఇంకో చారెడు" అని అందుకుంది. ఇన్నేళ్ళుగా ఆ డబ్బా ఆయనకి అందిస్తున్నది ఆవిడే.

అక్కడినుంచి నేను గమనించడం మొదలుపెట్టాను. ఇంటికోడలిగా వచ్చినప్పటినుంచీ ఈ వంట మామయ్యకి వచ్చనుకుంటున్నాను. చూస్తే ఆయనకి వచ్చింది ఉప్పూ కారం, ముక్కలకి మసాలా పట్టించడం. కోడి ఎంత ముదిరిందో, ఎంతసేపు నానాలో అత్తమ్మకి తెలుసు. బొంగు తాతకి తెలుసు. అడ్డాకుల్ని ఉండలా చుట్టి, ఆవిరి కొంచెం కొంచెంగా పోయేలా మూతి బిగించడం చిన్నత్తకి తప్ప ఎవరికీ కుదరదు. నిప్పు మా బావ చూస్తాడు. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుందని, తుమ్మ కట్టెలు కణకణలాడే నిప్పులయ్యేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. ఒక్కరి దగ్గరా మొత్తం వంట లేదు. ఏడాదికోసారి చేసేదాన్ని ఒక్కరే మనసులో దాచుకుంటే, మధ్యలో ఓ కనుమకి వాళ్ళు మంచాన పడితే, ఆ ఇంట్లో ఆ వంట అక్కడితో ఆగిపోదూ! ఏ ముక్క ఎవరు ఉంచుకోవాలో ఈ ఇంట్లో ఎవరూ కూర్చుని పంచలేదు. దానంతట అదే అలా పంచుకుపోయింది.

కోయ గూడేల్లో పండుగలు చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. కొత్తల పండుగ కానిదే కొత్త పంట నోట పెట్టరు. ఆ రోజు ఇంటింటా ఇంత పోగుచేసి అందరికీ ఒకచోటే వండుతారు. "మాకు పండక్కి ఎవరు వండారని అడగరు. పండగైందా అని అడుగుతారు" అన్నాడు తాత, బొంగుల్ని నిప్పుల మీద ఏటవాలుగా సర్దుతూ.

ముక్కలు నిండా కూరకూడదు, పైన కొంత ఖాళీ ఉండాలి. మూతి పైకి, అడుగు నిప్పుల్లోకి. ఆ తర్వాత పనల్లా తిప్పడమే. ఆకుపచ్చ బొంగు ముందు పసుపు రంగుకి తిరిగి, నూనె రాసినట్టు మెరుస్తుంది. తర్వాత చారలు చారలుగా గోధుమరంగు, ఆ పైన నలుపు. లోపల కోడి సంగతి మాత్రం ఏమీ తెలియదు. టర్కీ వండేవాళ్ళు మాంసంలో థర్మామీటరు గుచ్చి డెబ్బయి నాలుగు డిగ్రీలు వచ్చిందో లేదో చూసుకుంటారు. మాకు చెవులే ఆధారం. మొదట్లో బుడబుడమని నీళ్ళ చప్పుడు, ఆకు సందుల్లో నురగ. కొంచెంసేపటికి చప్పుడు చిక్కబడుతుంది, నురగ ఆగి సన్నటి ఆవిరి మిగులుతుంది. నా చెయ్యి ఆకు వైపు పోవడం చూసి తాత కర్రతో మెల్లగా వారించాడు. "మూత తియ్యకు. చూస్తే ఉడకదు." వంటగదిలో నిమిషానికోసారి మూత తీసే నాలాంటిదానికి ఈ కూర్చోవడం కష్టంగా ఉంది. అలా ఖాళీగా ఉన్న చేతులతో ఏం చెయ్యాలో తోచక, అందరిలాగే నేనూ కబుర్లలో పడ్డాను.

కబుర్లలో కోజ సంగతి వచ్చింది. పందెంలో ఓడి చచ్చిన పుంజుని గోదావరి జిల్లాల్లో కోజ అంటారు. దాని మాంసం కోసం పోటీలు పడతారు. ఓ ఏడు ఎవరో తెచ్చిస్తే, అంత ఖరీదైన పుంజు కదా అని మా మరిది దాన్ని బొంగులో పెట్టించాడట. పందేనికి పెంచిన పుంజు ఒళ్ళంతా కండే. అది మెత్తబడాలంటే కుండలో గంటలకొద్దీ ఉడకాలి. ఆ కనుమంతా నమలడంతోనే సరిపోయిందట. ఇలాంటి కథలు నవ్వుకోవడానికి చెప్పుకుంటున్నట్టే ఉంటుంది గానీ, బొంగుకి లేత పెట్టే వాడాలన్న సూత్రం నాకు ఎక్కింది అలాగే. పుస్తకంలో చదివితే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కితే దారిపొడవునా బొంగు చికెన్ దొరుకుతుంది. అక్కడివాళ్ళకి ఇది రోజువారీ బేరం. నిప్పుల మీద వరసగా పెట్టిన బొంగుల్ని ఒంటిచేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో డబ్బులు లెక్కపెట్టుకుంటారు. ఏ బొంగు ఎప్పుడు దించాలో వాళ్ళు ఎవర్నీ అడగరు. రుచిలో వాళ్ళది మా ఇంటి బొంగు కంటే ఒక మెట్టు పైనే అని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కారు దిగి, తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాం. పురుగు కన్నం చూసి బొంగు లాక్కునేవాళ్ళూ, ఉప్పు దగ్గర కొట్లాడేవాళ్ళూ లేని చోట నాకు భోజనమే కనబడింది, పండుగ కనబడలేదు. డబ్బిచ్చి తింటున్నాం కాబట్టి పండుగ కూడా కావాలని అడగడం అన్యాయమే అనుకోండి.

దించింది బావ. కత్తితో నిలువునా చీల్చింది మా ఆయన. తెల్లటి బొంగు లోపల పసుపూ ఎరుపూ కలిసిన ముక్కలు, అడుగున చిక్కటి రసం, పైన పచ్చి వెదురు వాసన. అడ్డాకు విస్తరిలో ఒంపగానే మొదటి ముక్క మామయ్యకి ఇచ్చారు. ఆయన నములుతూ ఏమీ అనలేదు, రెండో ముక్క తీసుకున్నారు. ఈలోగా రెండు తీర్పులు వచ్చాయి. అడుగు ముక్కలు తిన్నవాళ్ళు ఉప్పు ఎక్కువైందన్నారు, మూతి దగ్గరివి తిన్నవాళ్ళు చాలలేదన్నారు. రసమంతా కిందికి దిగింది కనుక ఇద్దరిదీ నిజమే. బొంగు ఇంకాస్త వాల్చి పెట్టాల్సిందని చిన్నత్త, మధ్యలో ఒకసారి తలకిందులు చేసి ఆడించాల్సిందని చిన్నమామయ్య. "కలుపుకుని తినండయ్యా, గారెలు చల్లారిపోతున్నాయి" అని అత్తమ్మ. నా చేతి రుచి మాట ఒక్కరూ ఎత్తలేదు, మంచిగానూ చెడ్డగానూ. రోజూ వండేదాన్ని కదా, తిట్టు పడినా పొగడ్త వచ్చినా నా ఒక్కదానికే వచ్చే అలవాటు. ఇలా పదిమంది మధ్య తప్పిపోవడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

రెండో విడత బొంగులు కూరడానికి చిన్నత్త మనవడు సిద్ధమయ్యాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. హాస్టల్లో మ్యాగీ తప్ప ఏమీ వండి ఎరగడు. వాడు ముక్కలు కూరి, ఆకు ఉండ చుట్టి, బొటనవేలితో బలమంతా పెట్టి మూతిలోకి నెడుతున్నాడు.

"అంత గట్టిగా కుక్కకురా, ఆవిరి పోవద్దూ!" అన్నాను.

"గట్టిగానే పెట్టనీ. లేకపోతే రసం పొంగి నిప్పుల్లో పడుతుంది" అన్నాడు బావ.

"అసలు నీకెవరు చెప్పారు బావా, ఆకు సంగతి చిన్నత్తని అడుగు" అన్నాను.